ఫొటోలు షార్ప్‌గానే వస్తున్నాయి, కానీ ఆర్టిస్టిక్‌గా ఎందుకు ఉండట్లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండి: రెండేళ్లుగా మిర్రర్‌లెస్ కెమెరా వాడుతున్నారు, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి ఎంత వెలుతురు రానివ్వాలన్నది) పట్టుబడింది, ఫోకస్ తప్పట్లేదు, చూసినవాళ్లు "బావుంది, క్లియర్‌గా ఉంది" అంటున్నారు, కానీ మీకే తృప్తి లేదు, తీసినవన్నీ ఏదో రికార్డు కోసం తీసినట్టు అనిపిస్తున్నాయి. ఎఫ్/1.4 లెన్స్ (వెలుతురు బాగా రానిచ్చి, వెనకున్నవాటిని మసకబార్చేది) కొంటే మారుతుందా, లేకపోతే ఎడిటింగ్ నేర్చుకోవాలా అని అడిగారు.

సూటిగా చెప్తా. లెన్స్‌తో మారదు, ఎడిటింగ్‌తో కొంచెం మారుతుంది. అసలు మార్పు వచ్చేది ఫ్రేమ్‌లోంచి ఏం తీసెయ్యాలో షట్టర్ నొక్కకముందే తేల్చుకోవడం మొదలుపెట్టాక. కొత్తవాళ్ల ఫొటోలు చాలాకాలంగా చూస్తున్నాను, టెక్నిక్ వచ్చేశాక ఆగిపోయేవాళ్లందరూ దాదాపు ఇక్కడే ఆగుతారు. వాళ్ల ఫొటోల్లో లోపం ఏదీ ఉండదు, అన్నీ ఉంటాయి. ఆ అన్నీ ఉండటమే ఇబ్బంది.

ఎందుకంటారా? మీరు ఒక గదిలోకి వెళ్తారు, కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడని చూసి ఆగిపోతారు. ఆ క్షణాన మీకు కనిపించింది ఆవిడ చెంప మీద పడ్డ వెలుతురు, కొంచెం వంగిన మెడ, అంతే. గదిలో టీవీ ఉంది, స్విచ్‌బోర్డు ఉంది, తలుపు వెనక వేలాడే బట్టలున్నాయి, కానీ మీ బుర్ర వాటిని లెక్కలోకే తీసుకోలేదు. కెమెరాకి ఆ మర్యాద తెలీదు, చెంపకి ఎంత విలువ ఇచ్చిందో స్విచ్‌బోర్డుకీ అంతే ఇస్తుంది. ఇంటికొచ్చి చూసుకుంటే అందరూ ఒకేసారి మాట్లాడే గదిలా ఉంటుంది ఫొటో, ఎవరి మాటా వినపడదు. మీ కన్ను అప్పుడు తనంతట తాను చేసిన ఏరివేతని మీరు కెమెరాతో కావాలని చెయ్యాలి. వెలుతురు, చీకటి, దూరం, ఫ్రేమ్ అంచులు, టైమింగ్, క్రాపింగ్, వీటన్నిటినీ ఆ ఒక్క పనికి వాడే పరికరాలుగా చూడండి, అప్పుడు యూట్యూబ్‌లో విన్న సగం సలహాలు ఎందుకు చెప్పారో వాటంతటవే అర్థమవుతాయి.

ముందు అడగాల్సిన ప్రశ్న: నేను దేన్ని చూసి ఆగాను?

ఒక ఉదాహరణ వివరంగా చెప్తా. నా దగ్గర నేర్చుకునే ఒకబ్బాయి గోడకి ఆనించిన సైకిల్ ఫొటో తెచ్చాడు. సైకిల్ మొత్తం నిండుగా ఉంది, పైన గోడ, కింద నేల, పక్కన ఒక పైపు, మూలన సగం తెగిన కిటికీ. ఎండ బాగానే ఉంది, ఫోకస్ కరెక్టే. "దీన్ని ఎందుకు తీశావు?" అంటే "పాత సైకిల్ కదండి, బావుంది" అన్నాడు. పాత సైకిళ్లు బోలెడు ఉంటాయి, దీని దగ్గరే ఎందుకు ఆగావని మళ్లీ అడిగితే కాసేపు ఆలోచించి, చక్రం పుల్లల నీడ గోడ మీద సాగిపోయి పడిందండి, అదే ముందు కనిపించింది అన్నాడు. ఫొటోలో ఆ నీడ ఉంది, కానీ ఓ మూల, వేలి గోరంత. అంటే ఏ కారణం చేత ఆగాడో దానికి ఫ్రేమ్‌లో పదో వంతు చోటు కూడా ఇవ్వలేదు. మర్నాడు అదే టైముకి మళ్లీ వెళ్లమన్నాను, నీడనే తియ్యి, సైకిల్ ఎంత కావాలో అంతే ఉంచు అని. రెండో ఫొటోలో వెనక చక్రం సగం, దాన్నుంచి పుట్టి గోడంతా పరుచుకున్న పుల్లల నీడ, అంతే. పైపు లేదు, కిటికీ లేదు, హ్యాండిల్ కూడా లేదు. అదే కెమెరా, అదే కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చేది), అదే సైకిల్.

ఫొటోగ్రాఫర్ ఆంద్రే కెర్టెస్ 1928లో తీసిన ఫోర్క్ ఫొటో నెట్‌లో వెతికి చూడండి. పళ్లెం అంచు మీద ఆనించిన ఒక ఫోర్క్, దాని నీడ, ఇంకేమీ లేదు. అందులో అరుదైన వస్తువేదీ లేదు, అయినా ఇంతకాలం తర్వాత కూడా ఆ ఫొటో గురించి మాట్లాడుకుంటున్నాం. దాంట్లో ఏం ఉందో చూసినట్టే, ఏం లేదో కూడా లెక్కపెట్టుకుంటూ చూడండి.

కాబట్టి కెమెరా కంటికి పెట్టుకునే ముందు ఆగిన కారణాన్ని మనసులో ఒక వాక్యంగా అనుకోండి. అందులో వస్తువు పేరు ఒక్కటే ఉంటే ("చెట్టు", "పిల్లి", "మెట్లు") ఇంకా దొరకలేదని లెక్క. "మెట్ల మీద వెలుతురు ఒక మెట్టు వదిలి ఒక మెట్టు పడుతోంది" అనగలిగితే దొరికినట్టే, ఇక ఆ వాక్యంలో లేనిదాన్ని ఫ్రేమ్‌లోంచి పంపించెయ్యడమే మీ పని.

వెలుతురు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చుంటా, ఎందుకంటే ఏరివేత పనిలో సగం వెలుతురే చేసిపెడుతుంది, అడ్డం రాకుండా ఉంటే చాలు.

చాలామంది వెలుతురు అనగానే ఎంత ఉంది అని చూస్తారు. ఎటు నుంచి వస్తోంది, ఎంత పెద్ద చోటు నుంచి వస్తోంది అనేవి అంతకంటే ముఖ్యం. మీ వెనక నుంచి వచ్చి వస్తువుకి ఎదురుగా పడితే అన్నీ సమానంగా కనిపిస్తాయి, గరుకుదనం, లోతు పోతాయి, అందుకే సూర్యుడిని వీపు వెనక పెట్టుకుని తియ్యమనే పాత సలహా రికార్డు ఫొటోలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మీకు పనికిరాదు. పక్క నుంచి పడితే గోడ మీద ప్రతి గరుకూ, ముఖం మీద ప్రతి ముడతా లేచి నిలబడతాయి. వెనక నుంచి వస్తే అంచులు మెరిసి లోపలంతా నల్లబడుతుంది, అంటే వివరాలన్నీ పోయి ఆకారం ఒక్కటే మిగులుతుంది. ఇక ఎంత పెద్ద చోటు నుంచి అంటే, మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా ఒకే పెద్ద దీపం కాబట్టి నీడల అంచులు కరిగిపోతాయి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో చిన్న చుక్క కాబట్టి నీడలు కత్తితో కోసినట్టుంటాయి. రెంటిలో ఏదీ తప్పు కాదు. గ్రాఫిక్‌గా, జామెట్రీలా ఉండే ఫొటోలకి నాకు మిట్టమధ్యాహ్నమే ఇష్టం, గోల్డెన్ అవర్ (పొద్దున్నా సాయంత్రం సూర్యుడు కిందుగా ఉండే సమయం) తప్ప ఇంకెప్పుడూ కెమెరా తియ్యనంటూ కూర్చోవడం నా లెక్కలో బద్ధకం. సాయంత్రం ఎండ బంగారంలా ఉండేది సూర్యుడు కిందికి దిగేకొద్దీ వెలుతురు ఎక్కువ గాలి పొరని దాటి రావాలి కాబట్టి, ఆ దారిలో నీలం చెదిరిపోయి పసుపు, ఎరుపు మిగులుతాయి. రంగు బావుంటుంది నిజమే, కానీ ఆ రంగు ఒక్కటే ఫొటోని నిలబెట్టదు, ఇప్పటికే లక్షల మంది దగ్గర అదే రంగు ఉంది.

ఇంట్లోనే చేసి చూడదగ్గ పని ఒకటి చెప్తా. పగటిపూట ఒకే ఒక్క కిటికీ ఉన్న గది చూసుకోండి, గదిలో లైట్లన్నీ ఆపెయ్యండి (ట్యూబ్‌లైటు, బల్బు, కిటికీ వెలుతురు కలిస్తే మూడు రంగులు కలిసి చర్మం జబ్బు చేసినట్టు కనిపిస్తుంది, తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగుని సరిచేసే సెట్టింగ్, ఎంత తిప్పినా సర్దుకోదు). కిటికీకి ఒక మూరెడు దూరంలో ఒక మనిషిని కూర్చోబెట్టండి, మనిషి దొరక్కపోతే నీళ్లు పోసిన గాజు గ్లాసు పెట్టినా చాలు. మీరు కిటికీకి వీపు పెట్టి ఒకటి తియ్యండి, తర్వాత కిటికీ మీ పక్కకి వచ్చేలా జరిగి ఒకటి, తర్వాత కిటికీ వాళ్ల వెనక ఉండేలా ఒకటి. ఇప్పుడు ఆ మనిషిని గది మధ్యకి జరిపి మళ్లీ అవే మూడు. కిటికీకి దగ్గరగా ఉన్నప్పుడు ముఖానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ పెడితే వెనక గోడ దానంతట అదే చీకట్లోకి వెళ్లిపోతుంది, ఎందుకంటే కిటికీ నుంచి దూరం జరిగేకొద్దీ వెలుతురు గబగబా పడిపోతుంది, ముఖానికీ గోడకీ మధ్య తేడా పెద్దది. గది మధ్యలోకి వచ్చేసరికి ముఖం మీద వెలుతురు తగ్గి గోడతో దాదాపు సమానమవుతుంది, దాంతో స్విచ్‌బోర్డు మళ్లీ బయటికొస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ పోగొట్టడానికి ఎఫ్/1.4 లెన్స్ కొనాలనుకునేవాళ్లు ఒకసారి ఇది చేసి చూడాలి.

దీనికి తోడు మీటర్ (వెలుతురుని కొలిచి ఎక్స్‌పోజర్ తేల్చేది) సంగతి. కెమెరా మీటర్ దేన్ని చూపించినా దాన్ని మధ్యరకం బూడిద రంగు దగ్గరికి లాగాలని చూస్తుంది, తెల్ల గోడ చూపిస్తే నల్లబరుస్తుంది, నల్ల గుడ్డ చూపిస్తే తెల్లబరుస్తుంది. చీకటి గదిలో ఒక చోట వెలుతురు పడితే, మీకు నచ్చింది ఆ చీకటీ ఆ వెలుతురూ పక్కపక్కన ఉండటం, మీటర్ మాత్రం అయ్యో చీకటిగా ఉందే అని గదంతా వెలిగించేస్తుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కని మీరు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 1, అవసరమైతే మైనస్ 2 కూడా పెట్టండి. హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకుంటే కాలిపోయే (ఉత్త తెల్లగా అయిపోయి వివరాలు పోయే) చోట్లు మిణుకుమిణుకుమంటాయి, మీకు ముఖ్యమైన చోట మిణుకు ఆగేదాకా తగ్గించి, నీడల్లో వివరాలు పోయినా పోనివ్వండి. నీడలో ఏముందో చూపించి తీరాలన్న భయం ఉన్నంతకాలం ఫొటోలు రికార్డుల్లాగే ఉంటాయి. నల్లగా వదిలేసిన చోటు వృథా చోటు కాదు, అక్కడ చూసేవాడి కన్ను కాసేపు ఆగుతుంది.

ఫ్రేమ్ అంచులు, కాళ్లు

కెమెరాలో చూసేటప్పుడు అందరం మధ్యలోనే చూస్తాం. నొక్కే ముందు ఒక్కసారి నాలుగు అంచుల వెంబడి కన్ను తిప్పే అలవాటు చేసుకోండి, రెండు సెకన్ల పని. సగం తెగిన చెయ్యి, మూలన తెల్ల కవరు, తలలోంచి మొలిచినట్టున్న కరెంటు స్తంభం, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి. స్తంభం తప్పించడానికి జూమ్ తిప్పకండి, అడుగు పక్కకి వెయ్యండి, మోకాళ్ల మీద కూర్చోండి, స్టూలెక్కండి. ఎందుకు జూమ్ కాదంటున్నానంటే, ఒక వస్తువు వెనక ఏది ఎంత సైజులో కనిపిస్తుందనేది మీరు నిలబడిన చోటుని బట్టి ఉంటుంది. నిలబడిన చోటే నిలబడి జూమ్ చేస్తే అదే దృశ్యంలోంచి ఒక ముక్క కోసుకున్నట్టు, వస్తువుల మధ్య సంబంధం ఏమీ మారదు. వస్తువు దగ్గరికి వెళ్తే అది పెద్దదై వెనకవి చిన్నబోతాయి, దూరం వెళ్లి జూమ్ చేస్తే వెనక కొండ ముందుకొచ్చి మీద పడినట్టుంటుంది. ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకుని, తర్వాత ఏ ఫోకల్ లెంగ్త్ (ఎంఎంలో చెప్పే లెన్స్ అంకె, అది పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా కనిపిస్తుంది) అని చూడండి. ఫోన్‌తో తీసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. ఫోన్ మెయిన్ కెమెరా సాధారణంగా 24 నుంచి 26 ఎంఎంకి సమానం, అంటే బాగా వైడ్, కాబట్టి దగ్గరికి వెళ్లకపోతే ప్రతి ఫొటోలోనూ ఊరంతా వచ్చేస్తుంది.

రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టమనే సూత్రం) గురించి అడుగుతారని తెలుసు. పనికొస్తుంది, అన్నీ నడిమధ్యలో పెట్టే అలవాటు పోగొట్టడానికి. అంతకుమించి దానికి విలువ ఇవ్వను. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమొటో 1980 నుంచి తీస్తున్న సముద్రం ఫొటోల్లో పైన సగం ఆకాశం, కింద సగం నీళ్లు, గీత సరిగ్గా మధ్యలో. పడవ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. అక్కడ గీతని మూడో వంతుకి జరిపితే ఆకాశమో సముద్రమో ఏదో ఒకటి గెలిచినట్టు అయ్యేది, ఆయనకి రెండూ సమానంగా కావాలి కాబట్టి మధ్యలో పెట్టాడు. మీరు కూడా ఎందుకు ఆగారో మనసులో అనుకున్న ఆ వాక్యాన్ని బట్టే ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి.

క్రాప్ చెయ్యొచ్చా అంటే నిక్షేపంగా చెయ్యొచ్చు. ఫ్రేమ్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ప్రింట్ చెయ్యాలని పట్టుబట్టిన ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ కూడా, 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీళ్ల మడుగు మీద దూకుతున్న మనిషి ఫొటోని క్రాప్ చేసే వాడాడు. కాకపోతే తర్వాత కోసుకోవచ్చులే అని అన్నీ కలిపి తియ్యడం అలవాటైతే ఆ ఏరివేత అక్కడికక్కడ చెయ్యడం ఎప్పటికీ రాదు.

కంపోజిషన్ కుదిరిందో లేదో చూసుకోడానికి ఒక చిట్కా, ఫొటోని తలకిందులు చేసి చూడండి, లేదా వేలి గోరంత చేసి చూడండి. అప్పుడు ముఖం, చెట్టు అనే పేర్లు పోయి నలుపు తెలుపు ముద్దలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. పాతకాలం పెద్ద ఫార్మాట్ కెమెరాల్లో వెనక గాజుపలక మీద బొమ్మ తలకిందులుగానే పడేది, వాళ్లు రోజూ అలాగే చూసి కంపోజ్ చేసేవాళ్లు.

రంగుతో ఒక తంటా

ఎర్ర బకెట్ ఒకటి వెనక ఉందనుకోండి, దాన్ని ఎంత బ్లర్ చేసినా ఎర్రటి మచ్చగా అక్కడే ఉంటుంది, కన్ను దాని దగ్గరికే పోతుంది. పెద్ద అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఉన్న ఎఫ్/1.4 లాంటి లెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దనడానికి నాకున్న పెద్ద కారణం ఇదే, బోకే (వెనకంతా మసకబారడం) వివరాల్ని చెరుపుతుంది కానీ రంగునీ వెలుగునీ చెరపదు. అందుకే ఒక నెలపాటు ఇలా చెయ్యండి, ఫైల్ ఫార్మాట్ రా (RAW, కెమెరా పట్టిన సమాచారాన్నంతా దాచుకునే ఫైల్) పెట్టి పిక్చర్ ప్రొఫైల్ మోనోక్రోమ్ పెట్టండి. వ్యూఫైండర్‌లో మీకు బ్లాక్ అండ్ వైట్ కనిపిస్తుంది, రా ఫైల్‌లో మాత్రం రంగులన్నీ భద్రంగా ఉంటాయి. రంగు లేకపోయేసరికి వెలుతురు ఎక్కడ పడుతోందో మొదటిసారి తేటగా కనిపిస్తుంది. తర్వాత కంప్యూటర్‌లో రంగులు తిరిగొచ్చినప్పుడు, ఈ ఫొటోకి రంగు నిజంగా అవసరమా అని ఒక్కొక్కదాన్నీ అడగండి. కొన్నిటికి రంగే ప్రాణం, న్యూయార్క్‌లో తన చుట్టుపక్కల వీధులనే దశాబ్దాలు తీసిన సాల్ లైటర్ ఫొటోల్లో ఆవిరి పట్టిన అద్దం వెనక ఒక ఎర్ర గొడుగో పసుపు మరకో లేకపోతే ఫొటోయే లేదు. అక్కడ కూడా గమనించండి, ఫ్రేమ్‌లో పెద్ద భాగం అద్దమో మంచో నల్లటి అడ్డో, రంగు ఉండేది కాసింత.

వెయిట్ చెయ్యడం, మళ్లీ వెళ్లడం

వెలుతురు బావుంది, ఫ్రేమ్ శుభ్రంగా ఉంది, అయినా ఏదో వెలితి. అప్పుడు కదలకండి. గోడ మీద వెలుతురు చారలో ఎవరో ఒకరు నడుస్తారు, పిల్లి వస్తుంది, ఎవరో తల తిప్పుతారు. స్ట్రీట్‌లో తీసేవాళ్లు చాలామంది మనుషుల వెంట పడరు, ముందు చోటు ఎంచుకుని మనుషుల కోసం కాచుకుంటారు. మనిషి అడుగు వేసేటప్పుడు రెండు కాళ్ల మధ్య చోటు తెరుచుకున్న క్షణం, చెయ్యి శరీరానికి అంటుకోకుండా విడిగా ఉన్న క్షణం చూసి నొక్కండి, లేదంటే సిల్హౌట్‌లో (నల్లటి ఆకారంగా మాత్రమే కనిపించే ఫొటోలో) మనిషి ఒక మొద్దులా కనిపిస్తాడు. అన్నీ 1/500 సెకను షట్టర్ స్పీడ్‌లో గడ్డకట్టించాలని కూడా లేదు, 1/15 పెట్టి కెమెరా కదలకుండా ఆనించుకుంటే నిలబడ్డవాళ్లు నిలిచి, నడిచేవాళ్లు చెరిగిపోతారు, అది కూడా ఏరివేతే.

మళ్లీ మళ్లీ అదే చోటుకి వెళ్లడం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, చూడ్డానికి బోరు కదా మరి. చెక్ ఫొటోగ్రాఫర్ యోసెఫ్ సుదెక్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు, 1940 నుంచి 1954 దాకా ప్రాగ్‌లో తన స్టూడియో కిటికీని తీస్తూ ఉన్నాడు, అద్దం మీద తడి, బయట ఒక వంకర చెట్టు, గట్టు మీద గ్లాసు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ తీసిన క్యాప్సికమ్ ఫొటోకి 30 అనే నంబరు ఉంది, 1930 నాటిది. దానికి ముందు బోలెడు తీశాడు, చివరికి దాన్ని ఒక రేకు గరాటులో పెడితే చుట్టూ వెలుతురు సరిగ్గా తిరిగింది, నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. కొత్త చోటుకి వెళ్తే మొదట వచ్చేవి పోస్ట్‌కార్డు ఫొటోలు, ఎవరికైనా అంతే. అవి అయిపోయి, ఇక ఇక్కడేం లేదు అనిపించిన తర్వాతే మీవి అనదగ్గవి మొదలవుతాయి. కాబట్టి ఫొటో టూర్‌కి వెళ్దామా అని ఆలోచిస్తుంటే, ముందు మీ ఇంట్లో ఒక మూలని వేర్వేరు గంటల్లో తీసి చూడండి, నవ్వకండి, నేను సీరియస్‌గానే చెప్తున్నా.

ఎడిటింగ్ ఎంతవరకు

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఏన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన చంద్రోదయం ఫొటో ఉంది, హెర్నాండెజ్ అనే ఊరు దగ్గర తీసింది. అదే నెగెటివ్ నుంచి దశాబ్దాల పాటు ప్రింట్లు వేస్తూ పోయాడు, మొదటి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు తెరలు కనిపిస్తాయి, తర్వాతి వాటిలో ఆకాశం దాదాపు నల్లగా అయిపోయి చంద్రుడు, కింద సమాధుల శిలువలు మాత్రం వెలుగుతాయి. అంటే తీసినప్పుడు మొదలైన ఏరివేతని డార్క్‌రూమ్‌లో కొనసాగించాడు. మీరు నేర్చుకోవాల్సిన ఎడిటింగ్ ఇదే, కన్ను వెళ్లాల్సిన చోటు కొంచెం వెలిగించడం, వెళ్లకూడని చోటు కొంచెం దించడం. మాస్కు (ఫొటోలో ఒక భాగాన్నే ఎంచుకునేది), బ్రష్, ఎక్స్‌పోజర్ స్లైడర్, ఇవి మూడూ చేతికొస్తే చాలు. రాలో తియ్యమనేది కూడా ఇందుకే, రాలో ఒక్కో రంగుకి 12 లేదా 14 బిట్ల సమాచారం ఉంటే జేపెగ్‌లో (మామూలు ఫొటో ఫైల్‌లో) 8 ఉంటుంది, నీడల్ని లేపినా ఆకాశాన్ని దించినా జేపెగ్ తొందరగా చారలు చారలుగా విరుగుతుంది.

ప్రీసెట్లు (ముందే తయారుచేసి అమ్మే ఎడిటింగ్ సెట్టింగులు) కొనకండి. అవి ఫొటోలో అన్నిటికీ ఒకే పూత పూస్తాయి, మీకు కావాల్సింది దానికి పూర్తిగా ఉల్టా. అలాగే ఫొటో అంతా బ్లాక్ అండ్ వైట్ చేసి ఒక్క గులాబీని ఎర్రగా ఉంచడం, ఊరికే కెమెరా వంచి తియ్యడం, క్లారిటీ స్లైడర్ 100కి లాగడం, ఇవి చూడగానే ఆర్టిస్టిక్ అనిపించి వారంలో మొహం మొత్తుతాయి. ఇది నా అభిప్రాయమే, ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉంటారు.

తీసినవాటిలోంచి ఎంచుకోవడం కూడా ఎడిటింగే, నన్నడిగితే అసలు ఎడిటింగ్ అదే. తీసిన రోజే ఎంచకండి, ఆ రోజు మీకు ఎండ, గాలి, అక్కడిదాకా వెళ్లడానికి పడ్డ తిప్పలు అన్నీ గుర్తుంటాయి, ఫొటోలో లేనివి కూడా ఉన్నట్టే కనిపిస్తాయి. కొన్ని వారాలు ఆగి చూస్తే చూసేవాడికి ఏం కనిపిస్తుందో మీకూ అదే కనిపిస్తుంది. ఒకే దృశ్యానివి ఐదు నచ్చితే ఐదూ పెట్టకండి, ఒకటే. లైకుల్ని బట్టి మాత్రం ఎంచొద్దు, చిన్న స్క్రీన్ మీద అర సెకను చూసి వేసే లైకుకి గాఢమైన రంగు, అందమైన ముఖం తప్ప ఇంకేదీ తగలదు.

ఒక హెచ్చరిక కూడా. ఇదంతా మీ కోసం తీసుకునే ఫొటోల సంగతి. ఇంట్లో ఫంక్షన్‌కి ఫొటోలు తియ్యమని పిలిస్తే వాళ్లకి ముఖాలు కావాలి, ఎవరెవరు వచ్చారో కావాలి, అక్కడ మీ నల్లటి నీడలూ సగం చక్రాలూ చూపిస్తే తిట్లు తింటారు. రికార్డు ఫొటో తక్కువదేమీ కాదు, పని వేరు, అంతే. బయట మనుషుల్ని దగ్గరగా తియ్యాలంటే అడిగి తియ్యండి, ముఖ్యంగా వాళ్లు ఇబ్బందిలో ఉన్నప్పుడు. కాదంటే కెమెరా దించెయ్యండి.

చివరికి లెన్స్. మీ దగ్గరున్న కిట్ జూమ్‌తో తీసినవాటిలో మీకే బాగా నచ్చిన ఫొటోలు విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఎక్సిఫ్‌లో (ఫొటో ఫైల్‌లోనే ఉండే కెమెరా వివరాల్లో) ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర తీశారో చూడండి. ఎక్కువ భాగం ఒకే అంకె చుట్టూ చేరితే ఆ అంకె ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) కొనుక్కోండి, ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 చాలు. ఎఫ్/1.4కీ ఎఫ్/2కీ మధ్య తేడా ఒక్క స్టాప్ (వెలుతురు రెట్టింపు అయ్యేంత), దానికి బరువు, ధర మాత్రం బాగా పెరుగుతాయి. ఫోకల్ లెంగ్త్‌లు చెల్లాచెదురుగా ఉంటే ఇంకా కొన్నాళ్లు కిట్ లెన్స్‌తోనే ఉండండి, జూమ్ రింగుని ఒక అంకె దగ్గర టేపు వేసి ఒక వారం, ఇంకో అంకె దగ్గర ఇంకో వారం. ఏ అంకె దగ్గర టేపు పీకెయ్యబుద్ధి కాలేదో ఆ లెన్స్ కొనండి.